తొట్టి కాడ విజిల్

నరసమ్మకు, మీ ఆయన పొద్దస్తమానం నీళ్ళ పార్కులోనే ఉన్నా ఇంకా మునగలేదు, దిగులు పడబాకు.

పిల్లల తొట్టి కాడ నిలబడే పని నాది. నేను విజిల్ ఊదితే పిల్లోళ్ళు గట్టెక్కాల. నిన్న మన వైపు వెలిగండ్ల ఊరి అవ్వ ఒకామె మనవళ్ళతో ఈ హైదరాబాదు పార్కుకు వచ్చింది. పైనుంచి పిల్లల నెత్తిన గుమ్మరించే నీళ్ళు చూసి, వృథాగా పోతన్నాయని బాటిల్ తెచ్చి కింద పట్టింది.

"బిందె మర్చిపోయినావా అవ్వా?" అన్నా.

ఈ ఊళ్ళో మన మాట చెవిన పడిందని ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఏ ఊరు నాయనా?"

"రాచర్ల."

"ఇన్ని నీళ్ళు పెట్టుకొని, నీ బిడ్డల్ని పిలిపించుకోలేదేందిరా?"

ఊరికే విజిల్ ఊదినా. ఆడుకునే పిల్లోళ్ళంతా బెదిరి గట్టెక్కినారు.

మనూరికి ట్యాంకరు వస్తా ఉందా? గొర్రెలకు నీళ్ళు యాడ పెడతన్నావు? అమ్మ మోకాళ్ళ నొప్పి ఎట్లుంది? ఎండాకాలం సెలవులకు పిల్లలను తీసుకొని రా. పనోళ్ళ బిడ్డలకు టికెట్టు లేదు. నీళ్ళు చిన్నోడి మోకాళ్ళ దాకే, భయం లేదు.

అమ్మకు దండాలు. పిల్లలకు చెప్పు, వాళ్ళు తొట్టిలో దిగినాక పొద్దు గుంకినా నేను విజిల్ ఊదను.

పుల్లయ్య