ఏడో తాత

కొండ మీది మేత బయలు నుంచి, జూలై పది.

అత్తయ్యా, ఇక్కడ అందరం కులాసా. మీ కంటి కట్టు విప్పారా?

మీరు పట్నంలో ఉన్నారని పిల్లల చదువు ఆగలేదు. రోజూ పొద్దున్నే ఒక మబ్బు దిగివచ్చి గుడారం గుమ్మంలో కూర్చుంటుంది. మాతోపాటు పాఠం విని, ఎండ రాగానే లేచిపోతుంది. నిన్న ముగ్గురినీ ఉన్ని తివాచీ మీద కూర్చోబెట్టి, ఈ ఏడాది చదివిందంతా మళ్ళీ అడిగాను. ఆదిల్ ఎక్కాలు సగం మరిచాడు. బెర్మెత్ పద్యం తడుముకోకుండా చెప్పింది. చివరికి ఐదేళ్ళ మేరిమ్‌ని, వాళ్ళ నాన్నతో మొదలుపెట్టి ఏడు తరాల తాతల పేర్లు చెప్పమన్నాను. ఆరు పేర్లు గడగడా అప్పజెప్పి, "ఏడోది మా నాయనమ్మ" అంది.

ఆదిల్ పడీపడీ నవ్వాడు. "ఓసి మొద్దూ, ఆ వరసలో ఆడవాళ్ళుండరే!"

"మరి ఆ ఆరుగురినీ నాకు నేర్పిందెవరు? వాళ్ళొచ్చి చెప్పారా?" అంది చిన్నది.

సుద్దముక్కలు, నల్లదారం పంపండి. ఎండుపెరుగు ఉండల సంచి ఏ పెట్టెలో పెట్టారు?

ఆదివారం పెదమామయ్య వచ్చి పిల్లల్ని ఈ పేర్లే అడుగుతారు. నేను మాత్రం మేరిమ్‌ని దిద్దను. దిద్దాలనుకుంటే మీరే రండి.

మీ కోడలు,
జూరా