మెట్టసీమ వాళ్ళు అడిగిన పాతర

మార్గశిరం, మంగళవారం రాత్రి

మా ఇల్లు కొనడానికి పల్నాడు నుంచి భార్యాభర్తలు వచ్చారు. శేషమ్మగారు పడవ దిగి, ఇంట్లోకి రాకుండా రేవు మెట్ల మీదే కూర్చుని కాలువ నీళ్ళలో కాళ్ళు పెట్టుకున్నారు.

"ఇల్లు చూడరా అండి?" అని నాన్నగారు నవ్వారు.

"ఇంకేం చూడాలయ్యా? గుమ్మం ముందు నీళ్ళుంటే పూరిపాకైనా కొంటాం."

తరవాత పెరట్లోకి వచ్చి, "జొన్నలు దాచటానికి పాతర యాడ తవ్వుకోవాల?" అని అడిగారు.

"మీ ఇష్టమండి, ఎక్కడైనా," అన్నారు నాన్నగారు.

ఈ నేలలో మూరెడు తవ్వితే నీరూరుతుంది, గింజలు కుళ్ళిపోతాయి. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఈ బేరం కుదిరితేనే మేము రాజమండ్రి వెళ్ళగలం.

"ఇక్కడ పాతర తవ్వకండి, నీళ్ళొస్తాయి," అన్నాను. నాన్నగారి ముఖం చూడలేకపోయాను.

శేషమ్మగారు మాత్రం భర్త వైపు తిరిగి, "ఇన్నావా? తవ్వితే చాలంట, నీళ్ళే!" అని మురిసిపోయారు.

పొద్దున్నే బయానా ఇస్తారట. నాకు నిద్ర రావడం లేదు. గోదావరి పొంగిన ఏడు ఈ గదిలో నీళ్ళు కిటికీ దాకా వచ్చాయి. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. అడిగితేనే మాట్లాడమని కాన్వెంటులో నేర్పారు. కానీ వరద ఎరగని మనిషి వరద గురించి ఏమని అడుగుతుంది?

నాన్నగారు కోప్పడినా సరే, రేపు ఆమెకు గోడ మీది నీటి చార చూపిస్తాను. దానికీ మురిసిపోతారేమోనని ఇప్పుడు ఇంకో భయం.