నాదొక్కటే తప్పు

పిన్నీ,

లా ఎంట్రన్స్ కోచింగ్‌లో చేరడం దండగో కాదో నువ్వే తేల్చి చెప్పాలి. నిన్న డెమో క్లాసుకు వెళ్లాను. రాసుకున్న ఒప్పందం లేకపోతే, అద్దెకున్నవాళ్లను యజమాని ఎప్పుడైనా ఖాళీ చేయించవచ్చని ఒక పేరా ఇచ్చారు. నోటిమాట మీద ఏళ్ల తరబడి ఉంటున్న కుటుంబం ఖాళీ చేయాలా అన్నది ప్రశ్న. నేను ‘అక్కర్లేదు’కు టిక్కు పెట్టాను. క్లాసు మొత్తంలో నాదొక్కటే తప్పు.

“పేరాలో ఉన్నదే చూడమ్మా, సొంత సంగతులు పక్కన పెట్టు,” అన్నారు సారు. అది అచ్చంగా మా ఇంటి సంగతేనని ఆయనకేం తెలుసు!

సోమవారం మా కేసు వాదించేది నువ్వు. నాన్నేమో “మీ పిన్ని ఉండగా మనకేం భయం?” అంటూ గోడలకు రంగులు వేయిస్తున్నాడు.

కోచింగ్ మాట తర్వాత చూద్దాంలే పిన్నీ. ముందు ఇది చెప్పు, నువ్వయితే దేనికి టిక్కు పెడతావు?