ఎనిఫా అక్క ఇచ్చిన మాత్రలు

జూన్ 11, మంగళవారం

ఈ చలికాలపు ముసురు వదలడం లేదు. నా కూతురు తడాలాకి జ్వరం, ఏమీ మింగలేకపోతోంది. గంజి కూడా వద్దంది. ఏడేళ్ల పిల్ల ఏడవకుండా గోడవైపు తిరిగి పడుకుంటే భయమేసింది. ఎనిఫా అక్క దగ్గరికి పరుగెత్తాను. మా జోంబా ఊరి మార్కెట్లో మందుల కొట్టు తనది. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. మాత్రలు పొట్లం కట్టి ఇచ్చింది. యాంటీబయాటిక్, మూడు రోజులు చాలంది. ఆస్పత్రికి తీసుకెళ్లనా అంటే నవ్వింది. పిచ్చిదానా, అక్కడ రోజంతా లైన్లో చస్తావా, నేను లేనూ అంది.

జూన్ 13

జ్వరం తగ్గలేదు.

జూన్ 14

మెడ మీద, పొట్ట మీద ఎర్రగా పేలింది. చేత్తో తడిమితే గరుకు కాగితంలా ఉంది. చలికి చర్మం పగిలిందిలే అని అక్క ఏదో క్రీము ఇచ్చింది. రాసిన కాసేపటికే మంట, మంట అని తడాలా ఒకటే గోల. సబ్బుతో కడిగాను. ఇంకా మండింది.

జూన్ 15, ఉదయం

ఆస్పత్రి. నర్సు మిసెస్ గొండ్వే టార్చి వేసి గొంతు, నాలుక చూసింది. గొంతులో చేరిన బ్యాక్టీరియా వల్లే ఒళ్లూ పేలిందట. దగ్గినా, ఒకరి కప్పులో ఒకరు తాగినా అంటుకుంటుందట. పది రోజుల కోర్సు. మధ్యలో ఆపితే గుండెకే ముప్పు. ఉప్పునీళ్లు పుక్కిలించాలి, ఒంటికి వ్యాజిలీన్ చాలు. క్రీము చూసి, రంగు తేలడానికి పూసుకునేది పిల్లకి రాస్తారా అని కసిరింది. మిగిలిన మాత్ర విరిస్తే పొడిపొడిగా రాలింది, గడువు దాటిన సరుకంది. ఎవరిచ్చారంది. చెప్పాను.

ఆవిడ రిజిస్టరు తిరగేసింది. తర్వాత, ఎనిఫా పోయినవారం తన కూతురు చిసోమోని ఇదే జబ్బుతో ఇక్కడికే తెచ్చిందే అంది. పది రోజుల మందు పట్టుకెళ్లిందట.

అదే రోజు, మధ్యాహ్నం

కొట్టుకి వెళ్లాను. చిసోమోకి నీ మాత్రలెందుకు వెయ్యలేదని అడిగాను. అక్క అరలు సర్దుతూనే ఉంది. గట్టిగా అరవకే, నా పిల్లే ఆస్పత్రికెళ్లిందని తెలిస్తే ఇక్కడికెవరొస్తారు అంది. పాత సరుకని తెలిసే ఇచ్చావా అన్నాను. అందరికీ అవే ఇస్తున్నానుగా అంది.

అందరికీ. నేను ఆ అందరిలో ఒకదాన్ని.

జూన్ 24

కోర్సు పూర్తయింది. వేళ్ల చివర పొట్టు రాలుతోంది, మామూలేనట. గుండె విని చూశారు, బాగుందట. తడాలా చేపతో కడుపునిండా తిని, పెద్దమ్మ ఎందుకు రావడం లేదని అడిగింది.

జూలై 2

నాకు గొంతు నొప్పి. ఆస్పత్రికి అక్క కొట్టు ముందు నుంచే వెళ్లాలి. చెల్లీ, నీరసంగా ఉన్నావేంటే, లోపలికి రా అని పిలిచింది. ఎప్పటిలాగే పిలిచింది. కాళ్లు ఆగాయి.

తర్వాత ఆస్పత్రి వైపు నడిచాను.