సత్యవ్వ ఆవు: సానుకూలము

మహాశయా, నమస్కారములు.

ఇది నా దినచర్య పుస్తకంలో మొదటి పుట; తేదీ, ఊరి పేరు వేయలేదు. ఇది చదివేవారెవరూ లేరు, సంబోధన అనవసరమే. అయినా సంబోధన లేని రచనకు ముప్పై నాలుగేండ్లు మార్కులు తగ్గించినవాణ్ణి. నాకు నేను మినహాయింపు ఇచ్చుకోలేను.

నవంబరు 3, సోమవారం

ఊళ్ళో పశువులకు క్షయ పరీక్ష. పోయిన నెల సాంబయ్య బర్రె చచ్చిపోతే పశువుల డాక్టరు షగుఫ్తా కోసి చూసింది. ఊపిరితిత్తుల నిండా గడ్డలట. ఆ బర్రెతో కలిసి మేసినవి, దానితో ఒకే తొట్టిలో నీళ్ళు తాగినవి, వాటి పక్కన కట్టేసినవి, అన్నీ కలిపి నలభై మూడు. ఒక్కొక్కదాని మెడ మీద వెంట్రుకలు గొరిగి, తోలు మందం కొలిచి, సూది వేసింది. మూడు రోజుల తర్వాత మళ్ళీ కొలుస్తుంది. వాచితే రోగం ఉన్నట్టు.

షగుఫ్తా నా విద్యార్థిని. సంధులు చక్కగా విడదీసేది. ఈరోజు పంచాయతీ కార్యదర్శి హరీశ్ ముందు, రాజం సారు దస్తూరి మంచిగుంటది, రిజల్టు సారే పంచాయతీ బోర్డు మీద రాయాలె, అన్నది. రిజల్టు కాదమ్మా, ఫలితము అన్నాను. నవ్వింది.

నవంబరు 6, గురువారం

మధ్యాహ్నానికి కొలతలు ముగించి షగుఫ్తా ఇంకో ఊరికి పోయింది. సాయంత్రం లెక్కలు చూసుకొని ఫోనులో జాబితా పంపింది. ఒక ఆవునూ ఒక బర్రెనూ సాకే ముసలి సత్యవ్వ ఉంది; ఆమె ఆవు ఒక్కటే పాజిటివ్. మిగిలినవి నెగెటివ్. రేపు సాయంత్రం వచ్చి సత్యవ్వకు తానే నిమ్మళంగా చెప్తానన్నది. ఉన్నదున్నట్టు రాయుండ్రి సారు, అని కూడా అన్నది.

ఉన్నదున్నట్టు రాయడానికి అవేమన్నా తెలుగు మాటలా? పరాయి మాటకు తెలుగు అక్షరాల అంగీ తొడిగి నల్లబల్ల మీద నిలబెట్టలేను. నిఘంటువు తీశాను. పాజిటివ్‌కు సానుకూలము, నెగెటివ్‌కు ప్రతికూలము. గీతలకు ఎర్ర సుద్ద, అక్షరాలకు తెల్ల సుద్ద. సున్నాలు గుండ్రంగా కుదిరాయి. దూరం పోయి నిలబడి మరొకసారి చూసుకున్నాను.

నవంబరు 7, శుక్రవారం, ఉదయం

పొద్దున్నే సాంబయ్య వచ్చాడు. మిగిలిన రెండు బర్రెలనూ ఊరి బయట కట్టేశాడట. ఆ పూట పాలు మోరీ కాలువలో పోశాడట. ప్రతికూలమంటే ఏంది సారు, నా బర్రెలు నాకు ఎన్నడు ప్రతికూలం లేకుండె, ఉంటె గింటె నా పెండ్లామే, అన్నాడు. ప్రతికూలమంటే రోగం లేదని, సానుకూలమంటే ఉన్నదని చెప్పాను. గట్లనే రాయకపోయిన్రా మరి, అని గొణుక్కుంటూ పోయాడు. ఊరివాళ్ళ భాషాజ్ఞానం గురించి అరపుట రాసి కొట్టివేశాను.

అదే రోజు, సాయంత్రం 6 గంటలు

షగుఫ్తా వచ్చేసరికి సత్యవ్వ కొట్టంలో ఆవు లేదు. తెల్లవారకముందే కోరుట్ల పశువుల అంగడికి తోలుకుపోయి అమ్మేసింది. మోకాళ్ళ నొప్పులతో రెండు పశువులను సాకలేక, ఒకదాన్ని అమ్మాలని ఎండాకాలం నుంచీ అనుకుంటోంది. నిన్న ఎవరితోనో బోర్డు చదివించుకున్నది. సానుకూలం అన్నరు, ఇగ మంచిదే గదా అని తోలుకపోయిన, అన్నది.

మంచిదనుకున్నవా, సారు నాకు పొద్దుగాలనే ఇవరంగ చెప్పిండు, నీకొక్కదానికే తెల్వదా, రోగమని తెలిసే తెల్లారకముందు తోలినవు, అని సాంబయ్య పదిమందిలో అరిచాడు.

నేను అక్కడే ఉన్నాను.

నవంబరు 8, శనివారం

నిఘంటువు ప్రకారం తప్పు లేదు.

నవంబరు 10, సోమవారం

ఆవును వెతకడానికి షగుఫ్తా కారులో పోతుంటే నేనూ వస్తానన్నాను. ఎందుకని ఆమె అడగలేదు. కోరుట్ల అంగడిలో చెవి ట్యాగు నంబరు చెప్పి ముగ్గురు బేరగాళ్ళను అడిగితే, మూడోవాడు చందుర్తికి అమ్మానన్నాడు. సిరిసిల్ల జిల్లా.

చందుర్తిలో గులాం మొహియుద్దీన్‌కు ఏడు బర్రెలు. వాటి నడుమ సత్యవ్వ ఆవు, అదే తొట్టిలో మూతి పెట్టి. మూడు రోజులుగా. వాళ్ళ తల్లి, అమ్మీ, నీరసంగా ఉన్నదని పూటపూటకూ ఆ ఆవు గుమ్మపాలు తాగిస్తున్నాడట, కాచకుండా. షగుఫ్తా ఉర్దూలో గబగబా ఏదో చెప్పింది. తర్వాత తెలుగులో వరసగా చెప్పింది. ఆవును వేరే కట్టేయాలి. బర్రెలకు రెండు నెలల తర్వాత పరీక్ష. అందాక ఒక్కటీ అమ్మరాదు. కాచనిదే పాలు ఎవరికీ పోయరాదు. అమ్మీని రేపే పెద్ద దవాఖానాలో చూపించాలి.

పరీక్ష లేంది నేను కొననే కొనను మేడం, అని గులాం ఫోను తీశాడు. బేరగాడు ఎవరిచేతనో తెప్పించిన బోర్డు ఫోటో. సూడుండ్రి, సానుకూలం అని సాఫ్ రాసున్నది, అచ్చరాలు ముత్యాల్లెక్క ఉన్నయి, గింత మంచిగ రాసినోడు అబద్ధం రాస్తడా, అన్నాడు.

షగుఫ్తా ఆ ఫోటోను పెద్దది చేసి చూసింది. నా వైపు చూడలేదు. తిరుగు దారిలో ఒకే ఒక్క మాట: గాలి ఎక్కువైతె అద్దం ఎక్కిస్త సారు.

నవంబరు 12, బుధవారం

గులాంకు ఫోన్ చేశాను. అమ్మీకి ఎక్స్‌రే తీశారట. ఇప్పటికైతే ఏమీ కనబడలేదట, కొన్నాళ్ళు చూస్తూ ఉండాలన్నారట. నేనెవరినో చెప్పలేదు. డాక్టరమ్మ తరఫున అన్నాను.

నవంబరు 17, సోమవారం

సత్యవ్వ వచ్చింది. పాల సెంటరులో ఆమె బర్రె పాలు తీసుకోవడం లేదు. బర్రెకు రోగం లేదని బోర్డు మీదే ఉంది. శిక్ష మనిషికి.

గడప అవతలే కూర్చున్నది. నాకు సదువు రాకపాయె సారు, వాళ్ళు సదివింది నేనే తప్పు ఇన్ననో ఏమో, మీరు రాసిన్రంటె తప్పుంటదా, తప్పు నాదే అని ఒక కాయిదం రాసియ్యుండ్రి, ఏలుముద్ర ఏస్త, అన్నది.

కాగితం తీశాను. కలం మూత తీశాను. రేపు రమ్మన్నాను.

నవంబరు 18, మంగళవారం

ఆమె వచ్చేలోగా నా పేరుతోనే రాద్దామని కూర్చున్నాను. మూడు చిత్తుప్రతులు. 'పొరపాటు జరిగినది.' ఇందులో కర్త పొరపాటే; తనంతట తానే జరిగిపోయింది. 'బోర్డుపై సానుకూలమని రాయబడినది.' కర్మణి ప్రయోగం తెలుగుకు సహజం కాదని పిల్లలకు చెప్పినవాణ్ణి నేనే. 'గ్రామస్థులు అపార్థం చేసుకున్నారు.' దోషం లేని వాక్యం. అబద్ధం.

మూడింటిలోనూ రాసినవాడు ఎక్కడా లేడు.

సత్యవ్వ వచ్చింది. నీ పేరు మీద రాసేది ఏమీ లేదు, ఇంటికి పో అన్నాను. అలిగానని అనుకున్నట్టుంది.

నవంబరు 19, బుధవారం

హరీశ్‌కు ఇచ్చిన కాగితానికి నకలు:

నేను తెలుగు సారు రాజాన్ని. సత్యవ్వ ఆవు పాజిటివ్ అచ్చింది. పాజిటివ్ అంటె రోగమున్నట్టు. డాక్టరమ్మ ఉన్నదున్నట్టు రాయుమంటె, మాట మార్చి మంచిగున్నట్టు రాసింది నేను. సత్యవ్వకు తెల్వది. ఆమెను అంటుంటె ఇనుకుంట నిలబడ్డది నేనే. ఆమె బర్రె పాలు తీస్కోండ్రి. ఎవ్వల పాలైనా కాచి తాగుండ్రి.

హరీశ్, దీన్ని గిట్లనే మైకుల సదువు. ఒక్క మాట దిద్దకు. పొద్దుగాల పాలు పోసే యాళ్లకోసారి, మాపటికోసారి. నా పేరు గట్టిగ సదువు.