ఆస్టిన్ యాకయ్యకు, ప్రీమియర్ విమలకు

వరంగల్ మట్టెవాడ నివాసి, కీర్తిశేషులు యోహాను కుమారుడు, రిటైర్డు హెడ్మాస్టరు, అరవై తొమ్మిదేళ్ల సుందర్ రావు అనే నేను, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా స్వహస్తంతో రాసిన వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవి చెల్లవు. దీన్ని అమలు చేసే బాధ్యత నా కూతురు విమలది.

1. మట్టెవాడ ఇల్లు నా కొడుకు దావీదుకు, విమలకు సరిసగం.

2. నాకు రెండు కార్లున్నాయి. 1937 నాటి ఆస్టిన్‌ను ఊరు విడిచి వెళ్తున్న మిషన్ డాక్టరు దగ్గర కొన్నాను. ప్రీమియర్‌ను 1982లో కొత్తది కొన్నాను. ఆస్టిన్‌ను హ్యాండిల్ తిప్పి లేపాలి, ఎండాకాలం పది మైళ్లకోసారి నీళ్లు తాపాలి, వానొస్తే లోపల కూడా గొడుగు పట్టాలి. ప్రీమియర్ తాళం తిప్పితే కదులుతుంది. తొర్రూరు దాకా వెళ్లినా నడుము నొప్పి రాదు. కానీ అందులో వెళ్తుంటే నన్ను ఆపి పలకరించినవాళ్లు లేరు.

3. ప్రీమియర్ విమలకు. తొర్రూరు చుట్టుపక్కల ఊళ్లలో నర్సుగా తిరిగే మనిషికి ఎప్పుడంటే అప్పుడు కదిలే బండి కావాలి. తను డ్రైవింగ్ నేర్చుకుంటానంటే ఆడపిల్లకెందుకన్నది నేనే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

4. ఆస్టిన్ కాశిబుగ్గ మెకానిక్ యాకయ్యకు. కారణం రాయకపోతే నాకు మతి తప్పిందనుకుంటారు. 1980లో హైదరాబాదులో పాత కార్ల పోటీకి నెల ముందు దాని గేరు చక్రం విరిగింది. ఎక్కడా దొరకలేదు. యాకయ్య ఉక్కు ముక్క తెచ్చి, ఆకురాయితో ఒక్కో పన్నూ అరగదీసి, పదిహేడు రోజుల్లో కొత్తది చేశాడు. కప్పు వచ్చింది. అంతా నేనే బాగుచేసుకున్నానని వేదిక మీద చెప్పాను. దిగాక యాకయ్య అడిగాడు: "సారూ, నా పేరు జర చెప్తే ఏం పోతుండె?" "పనోళ్ల పేర్లన్నీ చదవడానికి అదేమన్నా హాజరు పట్టీయా?" అన్నాను. అతడు మళ్లీ మా గడప తొక్కలేదు.

1983 ఆగస్టులో ఒక మధ్యాహ్నం నా భార్య ప్రమీలకు ఊపిరాడలేదు. దావీదు నాకు చెప్పకుండా ప్రీమియర్‌లో హైదరాబాదు వెళ్లాడు. వానకు వీధి నిండా నీళ్లు, ఒక్క రిక్షా లేదు. ఆస్టిన్ మూడు నెలలుగా కదలడం లేదు. విమల కాశిబుగ్గకు పరుగెత్తింది. యాకయ్య తడుస్తూ వచ్చి, అరగంట ఇంజన్‌తో కుస్తీ పట్టి లేపాడు. నేనేదో చెప్పబోయాను. "ముచ్చట ఎనకకుంటది సారూ, ముందుగాల అమ్మను ఎక్కియ్యున్రి" అన్నాడు. దవాఖానకు సమయానికి చేర్చాడు. ప్రమీల ఇంకో పద్నాలుగు నెలలు బతికింది. ఆ ముచ్చట మాత్రం నేను మాట్లాడలేదు. సిగ్గుపడ్డాను.

5. ఆస్టిన్ ముందు సీట్లో ప్రమీల వేసుకునే నీలం దిండు దావీదుకు. వాడు మొదటిసారి హారన్ నొక్కింది ఆమె ఒళ్లో కూర్చునే. ఆ వానరోజున తల్లికి అలా అవుతుందని వాడికి తెలియదు. వాడితో ఏళ్ల తరబడి ముభావంగా ఉండడం నా తప్పు.

6. కప్పు కూడా యాకయ్యదే. దాని మీద నా పేరు తీయించి అతడి పేరు చెక్కించాను. ఆస్టిన్‌ను అతడు అమ్ముకున్నా, విప్పి సామాన్లు వాడుకున్నా అడిగే హక్కు మీకు లేదు.

7. నాలుగో అంశాన్ని విమల కాశిబుగ్గలో యాకయ్య షెడ్డు ముందు నిలబడి, పక్క దుకాణాలవాళ్లకు వినిపించేలా చదవాలి. అతడు వద్దంటాడు. అయినా చివరిదాకా చదువు, బిడ్డా.

మట్టెవాడ, 1986 నవంబరు 9.

(సంతకం) సుందర్ రావు

మా ఎదుటే సంతకం చేశారు:
రాయమల్లు, రిటైర్డు పోస్ట్‌మాన్
లక్ష్మీనర్సమ్మ, టీచరు