గుర్రాల తొట్టి నీళ్లు

బాపుకు, షోలాపురం నుంచి నీ బిడ్డ బాలమ్మ కాళ్లు మొక్కి రాయించేది. నేను చెప్తుంటె మీ అల్లుడు రాస్తున్నడు. ఇప్పుడైతే మేం ముగ్గురం మంచిగనే ఉన్నం. అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? కల్వకుర్తి దిక్కు వానలు పడ్డయా? గీడ చినుకు లేదు. బట్టల మిల్లుల సాంచెల కాడ ఉక్కపోతకు మీ అల్లుడు సగమైండు.

పోయినసారి పిల్లగాడు మంచిగున్నడని రాయించిన. అది అబద్ధం బాపూ. మీరు ఫికర్ చేస్తరని దాచిన. నాకు చలిజ్వరమొచ్చి పాలెండిపోతే, గల్లీల అమ్మకానికొచ్చే పాలే ఉగ్గుగిన్నెతోని తాపిన. వారం తిరగకముందే వానికి వాంతులు, విరేచనాలు. కండ్లు లోపలికి పోయినయి. ఏడ్వనీకి గూడ సత్తువ లేదు. దవాఖానకు ఎత్తుకపోతే డాక్టరమ్మ నన్నే కోపం చేసింది.

"గా పాలల్ల ఏం నీళ్లు కలుస్తున్నయో చూసినవా? మసల కాగబెట్టకుండ ఎట్ల తాపినవు?"

బొగ్గు లేని నాడు గోరువెచ్చగ చేసి తాపిన మాట నిజమే.

పిల్లగాడు జర తేరుకున్నంక, ఒకనాడు తెల్లారంగనే పాలాయన ఎనక పోయిన. టాంగాలు నిలిపే జాగల గుర్రాలు తాగే తొట్టి ఉన్నది. ఆడ ఆగి, చెంబుతోని గా నీళ్లే ముంచి పాలబిందెల పోసిండు. నా ఒళ్లు మండిపోయింది. అయినా ఏమనలేదు, గల్లీ దాక రానిచ్చిన. ఆడోళ్లందరు వచ్చినంక లోటనిండ పాలు పోయించుకొని వాని చేతికే ఇచ్చిన.

"ముందు నువ్వు తాగు" అన్న.

"నాకెందుకమ్మా, ఇంట్ల తాగొచ్చిన."

"అయితె నీ కొడుకును తీసుకరా. వానికి తాపు."

వాడు తలొంచుకున్నడు. లోట కింద పెట్టిండు. నేను చూసింది అందరికి చెప్పిన. ఆడోళ్లమంత కలిసి బిందె మురికి మోరిల గుమ్మరించినం. ఊరుగాని ఊర్ల గింత లొల్లి ఎందుకని మీ అల్లుడన్నడు. గా మాట గూడ ఆయన చేతనే రాయిస్తున్న. నా కోపం ఇంక చల్లారలే.

ఊరోళ్లెవరన్న ఇటొస్తే పిల్లగానికి జావ కాయనీకి తైదపిండి పంపుమని అమ్మకు చెప్పు. పొద్దటి గంజి మాపటికి తన పిల్లకు పెట్టొద్దని మరదలికి నా మాటగ చెప్పు.

మా పక్కింటి లచ్చమ్మకు పది నెలల బిడ్డ ఉండె. పోయిన నెల గిట్లనే వాంతులై చచ్చిపోయింది. దిష్టి తగిలిందని అనుకున్నం అందరం. బిందె గుమ్మరించినంక లచ్చమ్మ నా దగ్గరికొచ్చి, "నా పిల్ల గూడ గివే పాలు తాగిందక్కా" అన్నది. ఆమె పక్కకు కూసున్న, అంతే.

అమ్మకు, అవ్వకు, పెద్దలందరికి శనార్థులు. నీ మనుమడు సల్లగుండాలెనని ఆడికెంచే దీవించు.

నీ బిడ్డ,
బాలమ్మ